పసుపు ముద్దంత దేవుడు: కొత్త పనికి ముందు మనం ఎందుకు మొక్కుతాం?



దోహాలో అల్ సద్ అంటే తెలియని తెలుగువాళ్ళు ఉండరు. స్టేడియం, రాయల్ ప్లాజా, వరసగా కిరాణా కొట్లు, 2019లో వచ్చిన మెట్రో స్టేషను, సాయంత్రమైతే పార్కింగు కోసం పది చుట్లు. మేము ఉండేది అక్కడే, ఒక పాత భవనంలో, మూడో అంతస్తు. రెండేళ్ళ క్రితం ఒక శనివారం సాయంత్రం మా ఇంటి బెల్లు మోగింది. మావారికి తెలిసిన ఒక కుర్రాడు. ఆర్మూరు వైపు పల్లెటూరు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఒక కొబ్బరికాయ, డజను అరటిపళ్ళు.

"అక్కా, రేపు పొద్దుగాల కొత్త కంపెనీల జాయిన్ అయితున్న. ఈడ గుడి యాడుంటదో తెల్వది. ఒక్క కొబ్బరికాయ కొట్టి పోదామనుకున్న," అన్నాడు.

ఆ అబ్బాయి పేరు ఇక్కడ రాయను, తమ్ముడనే అంటాను. అంతకు ముందు పనిచేసిన చోట నాలుగు నెలలు జీతం అందలేదు. ఊళ్ళో అప్పు, పెళ్ళికి ఎదిగిన చెల్లెలు. పాత యజమాని దగ్గర అనుమతి పత్రం తెచ్చుకోకుండానే ఉద్యోగం మారే వీలు ఈ దేశంలో 2020లో చట్టం ద్వారా వచ్చింది కాబట్టి, ఎలాగో వేరే చోటు దొరికింది. అలాంటి కొత్త ఉద్యోగం అది. కొబ్బరికాయ కొట్టకుండా వెళ్ళడానికి అతనికి మనసొప్పలేదు.

ఖతార్‌లో ఏడు లక్షలకు పైగా భారతీయులం ఉన్నా, ఇక్కడ మనకు గుడి అంటూ లేదు. పూజలన్నీ ఇళ్ళల్లోనే. పొరుగున బహ్రెయిన్‌లో మనామాలో శ్రీనాథ్‌జీ గుడి ఉంది, మస్కట్‌లో శివాలయం ఉంది, దుబాయిలో జెబెల్ అలీ గుడి 2022లో, అబూధాబీలో పెద్ద రాతి మందిరం 2024 ఫిబ్రవరిలో తెరిచారు. మనకు మాత్రం ఎవరి దేవుడి అర వాళ్ళదే. "మా ఇంట్లోనే కొట్టుకో నాయనా," అని లోపలికి రమ్మన్నాను.

దీపం వెలిగించి, ఇంత పసుపు తడిపి గణపతిని చేసి, నాకు వచ్చిన నాలుగు ముక్కలు చదివాను. తమ్ముడు కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. తరువాత వంటింట్లో, కింద గిన్నె పెట్టి, కత్తి వెనక వైపుతో కాయ కొట్టాడు. కాయ రెండు చెక్కలైంది. లోపల కుళ్ళిపోయి ఉంది.

అతని మొహం చూడలేకపోయాను. "అక్కా, ఇది ఖరాబైంది. రేపు పోవాల్నా వద్దా?" అన్నాడు. పక్కనే మా అమ్మాయి నిలబడి ఉంది. అది ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుంటున్న పిల్ల. ఏడో తరగతి. "అమ్మా, దేవుడు వద్దన్నట్టా? అసలు మొక్కకుండా మొదలుపెడితే పని పాడవుతుందా?" అని అది ఇంకో ప్రశ్న వేసింది.

ఆ ఇద్దరికీ ఆ రోజు నేను చెప్పింది కొంత, తరువాత పుస్తకాలు తిరగేసి, పెద్దల్ని అడిగి తెలుసుకున్నది కొంత. మనలో చాలామందికి ఈ సందేహాలు ఉంటాయి కాబట్టి పంచుకుందామని ఈ వ్యాసం.

మన మాటల్లోనే ఉంది

కొత్త పని మొదలుపెట్టడాన్ని తెలుగులో "శ్రీకారం చుట్టడం" అంటాం. ఉత్తరం రాసినా, పద్దు పుస్తకం తెరిచినా, పెళ్ళి సామాన్ల జాబితా వేసినా కాగితం నెత్తిన ముందు "శ్రీ" రాయడం మన పెద్దల అలవాటు. పని పేరే ప్రార్థన అయి కూర్చుంది. అలాగే చదువు మొదలుపెట్టడాన్ని "ఓనమాలు దిద్దడం" అంటాం. పూర్వం పిల్లవాడిచేత పలకమీద మొదట దిద్దించేది శివుడికి నమస్కారం చెప్పే వాక్యం. దానిలోని మొదటి అక్షరాలే ఓ, న, మ. ఆ నమస్కారమే కాలక్రమాన అక్షరమాలకు పేరైపోయింది. "వాడికి ఆ పనిలో ఓనమాలు కూడా తెలియవు" అని మనం విసుక్కున్నప్పుడు కూడా, తెలియకుండానే ఒక ప్రార్థనను తలుచుకుంటున్నామన్నమాట.

కవులూ అంతే. పదకొండో శతాబ్దంలో నన్నయగారు భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెడుతూ త్రిమూర్తులను తలుచుకునే ఒక సంస్కృత శ్లోకం ముందు పెట్టారు. ఆ తరువాత వచ్చిన కావ్యాలకు ఇష్టదేవతా స్తుతితో మొదలుకావడం ఒక మర్యాద అయిపోయింది. రైతుకు జ్యేష్ఠ పౌర్ణమినాడు ఏరువాక. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పసుపు కుంకాలు పెట్టి, అప్పుడు మొదటి చాలు. సినిమావాళ్ళకు ముహూర్తం షాటు, దేవుడి పటాల మీద క్లాపు.

ఇక రాకెట్ల సంగతి. చంద్రయాన్-3 ప్రయోగం 2023 జూలై 14న జరిగితే, ముందు రోజు ఇస్రో శాస్త్రవేత్తలు దాని చిన్న నమూనా పట్టుకుని తిరుమల వెళ్ళారు. శ్రీహరికోట దగ్గరలోని సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్ళడం కూడా వాళ్ళకు ఆనవాయితీ. లెక్కలు రానివాళ్ళు చేసే పని కాదు కదా ఇది! అక్కడ లెక్కలన్నీ అయ్యాకే దండం.

ఇది మన ఒక్కరి అలవాటూ కాదు. నా అరబ్ సహోద్యోగి కంప్యూటరు తెరిచినా, కారు తాళం తిప్పినా, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నా "బిస్మిల్లా" అంటుంది. జపానులో భవనానికి పునాది తవ్వే ముందు షింటో పూజారిని పిలిచి భూమి దేవతను శాంతింపజేస్తారు. మనిషి అన్నవాడికి మొదటి అడుగు దగ్గర ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. ఆ ఆగే చోట మనకు కనిపించేది ఏనుగు మొహం.

ముందుగా వినాయకుడే ఎందుకు?

మన చవితి వ్రతకథలో చెప్పేది అందరికీ తెలిసిందే. విఘ్నాలకు అధిపతి ఎవరు కావాలన్న పోటీ. ముల్లోకాల్లోని పుణ్యనదులన్నిటిలో స్నానం చేసి ముందు వచ్చినవాడికే ఆ పదవి అన్నాడు శివుడు. కుమారస్వామి నెమలెక్కి ఎగిరిపోయాడు. ఎలుక వాహనం, పెద్ద బొజ్జ ఉన్న వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేశాడు. కుమారస్వామి ఏ నదికి వెళ్ళినా అన్నగారు అప్పటికే స్నానం ముగించుకుని ఎదురొస్తూ కనిపించాడు. తమిళనాడులో అచ్చిరుపాక్కం అనే ఊళ్ళో ఇంకో కథ చెబుతారు. త్రిపురాసురుల మీదికి యుద్ధానికి బయలుదేరిన శివుడు కొడుకును తలుచుకోవడం మరిచిపోయాడట, అక్కడ రథం ఇరుసు విరిగింది. ఊరి పేరుకు అర్థం కూడా ఇరుసు విరిగిన చోటు అనే. తండ్రికే మినహాయింపు లేదన్నమాట.

కథలు పక్కన పెట్టి పాత గ్రంథాలు చూస్తే విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మానవ గృహ్యసూత్రంలో వినాయకులు ఒకరు కాదు, నలుగురు. వాళ్ళు విఘ్నాలు తొలగించేవాళ్ళు కాదు, పెట్టేవాళ్ళు! వాళ్ళు పట్టుకుంటే రాజకుమారుడికి రాజ్యం రాదు, కన్యకు పెళ్ళి కాదు, పండితుడికి శిష్యులు దొరకరు, వ్యాపారికి లాభం ఉండదు, రైతుకు పంట చేతికి రాదు అని అందులో ఉంది. అందుకని శాంతి చేయాలి. యాజ్ఞవల్క్య స్మృతికి వచ్చేసరికి ఆ నలుగురూ ఒక్కడయ్యారు. గణాలకు అధిపతి, అంబిక కొడుకు. గుప్తుల కాలానికి, అంటే నాలుగైదు శతాబ్దాలకు, మనం ఇప్పుడు చూసే రూపంలో విగ్రహాలు కనిపిస్తాయి. మధ్యప్రదేశ్‌లో ఉదయగిరి గుహల్లో ఉన్నది వాటిలో ఒకటి. మన పూజల్లో గణపతికి చదివే ఋగ్వేద మంత్రం కూడా రెండో మండలంలో బ్రహ్మణస్పతి అనే దేవతను ఉద్దేశించి ఉన్నదే. తరువాత అది గణపతికి చెందింది.

చెప్పొచ్చేదేమిటంటే, "విఘ్నేశ్వరుడు" అన్న మాటకు అర్థం విఘ్నాలకు ప్రభువు అని. ప్రభువు అన్నాక అడ్డు పెట్టగలడు, అడ్డు తీయగలడు. దారి మధ్యలో ఏనుగు నిలబడితే ఎవరూ కదలలేరు. అదే ఏనుగు ముందు నడిస్తే అడవిలో దారి పడుతుంది. మొదట ఆయనకు దండం పెట్టడమంటే అడ్డంకులు ఉంటాయని ముందే ఒప్పుకోవడం. మా అమ్మాయికి నచ్చింది ఈ మాటే.

ఈ దేవుడు సముద్రాలు కూడా దాటాడు. థాయిలాండు లలితకళల శాఖ చిహ్నంలో గణపతి ఉన్నాడు. ఇండోనేషియాలో 1998లో విడుదలైన ఇరవై వేల రూపయ్యా నోటు మీద ఉన్నాడు. జపానులో కాంగితెన్ అన్న పేరుతో పూజలందుకుంటున్నాడు.

అందరికీ మొదటి పూజ గణపతికేనా అంటే, కాదు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో విష్వక్సేనుడికి మొదటి ఆరాధన. తిరుమల బ్రహ్మోత్సవాలు ధ్వజారోహణంతో మొదలవుతాయని మనం అనుకుంటాం. కానీ దానికి ముందు అంకురార్పణనాటి సాయంత్రమే సేనాధిపతి విష్వక్సేనుడు ఊరేగింపుగా వచ్చి ఏర్పాట్లు చూసుకుంటాడు. పల్లెల్లో ఊరి పొలిమేరలోని అమ్మవారికి చెప్పకుండా ఏ శుభకార్యమూ మొదలుకాదు. మా తమ్ముడి ఊళ్ళో అయితే పోచమ్మకు.

మన తెలుగునేల మీద గణపతి క్షేత్రాలకు ఒక్కోదానికి ఒక్కో అలవాటు. చిత్తూరు జిల్లా కాణిపాకంలో స్వామి బావిలో వెలిశాడు, అక్కడ అబద్ధపు ప్రమాణం చేయడానికి భయపడతారు. తూర్పు చాళుక్యుల నాటి బిక్కవోలులో స్వామి చెవిలో కోరిక చెప్పుకుంటారు. మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో అయినవిల్లికి దగ్గర. అక్కడి సిద్ధివినాయకుడి దగ్గర కలాలు పూజలో పెట్టి, పరీక్షలు రాసే పిల్లలకు పంచుతారు. మా అమ్మ పదో తరగతి పరీక్షలకు నాకు అలాంటి కలమే ఇచ్చింది. లెక్కల్లో వచ్చిన మార్కులు మాత్రం నావే!

పసుపు గణపతిని చేసుకునే పద్ధతి

పురోహితుడు అందుబాటులో లేనప్పుడు ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పూజ ఇది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఒక పళ్ళెంలో గుప్పెడు బియ్యం పోసి, పైన తమలపాకు పెట్టండి. పసుపులో చుక్కచుక్కగా నీళ్ళు కలుపుతూ ముద్ద చేసి, కింద వెడల్పుగా, పైన కొసగా నిలబెట్టండి. కుంకుమ బొట్టు పెట్టండి. అంతే, గణపతి వచ్చి కూర్చున్నట్టే. బొమ్మ అక్కర్లేదు, బంగారం అక్కర్లేదు. దీపం వెలిగించి, ఆచమనం చేసి, సంకల్పం చెప్పుకుని, అక్షతలతో ఆవాహన చేయాలి. పదహారు ఉపచారాలు చేయలేకపోతే అయిదు చాలు. గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం. నైవేద్యానికి చిన్న బెల్లం ముక్క. గణపతికి పదహారు నామాల పూజ ఉంది, అదీ రాకపోతే మీకు వచ్చిన పేర్లతోనే పిలవండి.

ఆ తరువాత, "ఈ పని నిర్విఘ్నంగా జరగాలి" అని చెప్పుకుని, పసుపు ముద్దను కొంచెం ఉత్తరానికి జరిపి ఉద్వాసన చెప్పాలి. ఇప్పుడు అసలు పూజ మొదలు. అంటే ఆయన వచ్చేది దారి తెరవడానికి. తెరిచి పక్కకు తప్పుకుంటాడు. చిత్రమేమిటంటే, వినాయక చవితినాడు మట్టి వినాయకుడికి పూజ చేసే ముందు కూడా పసుపు గణపతికే మొదటి పూజ! ఆ పసుపును తొక్కేచోట పారేయకూడదు. ఆడవాళ్ళు పుస్తెలకు అద్దుకుంటారు, లేకపోతే కుండీలో మొక్క మొదట్లో కలిపేయవచ్చు.

ఇక ఫ్లాటులో ఉండేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. పైకప్పుకు పొగ కనిపెట్టే అలారాలు ఉంటాయి కాబట్టి కర్పూరం ఒక్క బిళ్ళ చాలు, అగరొత్తి కిటికీ దగ్గర పెట్టండి. కొత్త ఇంట్లో పాలు పొంగించడం విద్యుత్తు పొయ్యి మీదైనా సరే చేసుకోవచ్చు, హోమం జోలికి మాత్రం వెళ్ళకండి. కొబ్బరికాయ మెట్ల దగ్గరో నడవాలోనో కొట్టి ఇరుగుపొరుగుకు ఇబ్బంది పెట్టకండి. మన పూజ మన గడప లోపల ఉన్నంతకాలం ఎవరికీ పేచీ లేదు.

శోభనగృహే, వసతిగృహే: సంకల్పంలో దోహా ఎక్కడ?

నాకు పూజలో అన్నిటికంటే ఇష్టమైనది సంకల్పం. చిన్నప్పుడు అది అర్థం కాని గొణుగుడులా అనిపించేది. నిజానికి అది ఒక చిరునామా. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం మొదటి పాదం అని అనంతమైన కాలంలో మొదలుపెట్టి, అరవై సంవత్సరాల్లో ఈ ఏటి పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం వరకూ దిగివస్తారు. స్థలం కూడా అంతే. ద్వీపం, వర్షం, మేరువుకు ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల మధ్య అని చెప్పి చివరికి ఈ ఇంట్లో, ఫలానా గోత్రంలో పుట్టిన ఫలానా నేను, ఫలానా పని కోసం అని ముగుస్తుంది.

మరి దోహాలో ఏం చెప్పాలి? గోదావరి లేదు, కృష్ణ లేదు, అసలు నదే లేదు. మా ఊరి పురోహితులను వీడియోలో అడిగాను. పండితులందరిదీ ఒకే మాట కాదు. అమెరికాలో ద్వీపం పేరే మార్చి చెప్పేవాళ్ళున్నారు. ఆయన మాత్రం నాకిలా చెప్పారు. "నది లేకపోతే సముద్ర తీరం అని చెప్పమ్మా. మీరు శ్రీశైలానికి పడమటగా ఉత్తరానికి వంగి ఉన్నారు కాబట్టి వాయవ్యం అను. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే సంకల్పం." పటం తీసి చూస్తే నిజమే. శ్రీశైలం సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే, దోహా 25 దాటి ఉంది. రేఖాంశంలో 27 డిగ్రీలు పడమటికి.

ఇంకో సంగతి కూడా చెప్పారాయన. సొంత ఇల్లయితే "స్వగృహే" అనాలి. అద్దె ఇల్లయితే "శోభనగృహే" అనో "వసతిగృహే" అనో అనాలి. దేవుడి దగ్గర కూడా అద్దె ఇంటిని సొంతమని చెప్పకూడదట! ఆ మాట విన్నప్పుడు మనసు ఒకలా అయిపోయింది. ఇక్కడ ఇరవై ఏళ్ళున్నా మనం రెసిడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళమే. మన సంకల్పానికి ఆ సంగతి ముందే తెలుసు.

పంచాంగంలో రెండున్నర గంటలు

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఊరినుంచి తెచ్చుకున్న క్యాలెండరులో సమయాలు యథాతథంగా పాటిస్తారు. అలా కాదు, రెండు రకాల లెక్కలున్నాయి.

తిథి, నక్షత్రం, వాటి మీద ఆధారపడిన వర్జ్యం సూర్యచంద్రుల స్థానాన్ని బట్టి వచ్చేవి. అవి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మారతాయి. కాబట్టి భారత సమయంలోంచి రెండున్నర గంటలు తీసేస్తే చాలు. అక్కడ చవితి పగలు 11:30కు వెళ్ళిపోతే, ఇక్కడ ఉదయం 9కే వెళ్ళిపోయినట్టు. రాహుకాలం, దుర్ముహూర్తం, లగ్నం అలా కాదు. అవి ఏ ఊరి సూర్యోదయాన్ని బట్టి ఆ ఊరికి లెక్క కట్టాలి.

రాహుకాలం లెక్క సులభం. సూర్యోదయం నుంచి అస్తమయం వరకు పగటిని ఎనిమిది భాగాలు చేయండి. సోమవారం రెండో భాగం, శనివారం మూడు, శుక్రవారం నాలుగు, బుధవారం అయిదు, గురువారం ఆరు, మంగళవారం ఏడు, ఆదివారం ఎనిమిది. దోహాలో జూన్ నెలలో సూర్యోదయం సుమారు 4:45, అస్తమయం సుమారు 6:28. కాబట్టి శుక్రవారం రాహుకాలం దాదాపు 9:54 నుంచి 11:37 వరకు. డిసెంబరులో పగలు చిన్నది కాబట్టి సుమారు 10:12 నుంచి 11:31. శుక్రవారం 10:30 నుంచి 12 అని గోడ క్యాలెండరు చెప్పేది ఆరింటికి తెల్లవారి ఆరింటికి పొద్దుగుంకే రోజు లెక్క. మన సెలవు శుక్రవారమే, మధ్యాహ్నం జుమా నమాజు సమయానికి కొట్లు మూసేస్తారు, వీధులు నిండిపోతాయి. అందుకని పొద్దున్నే పూజ ముగించుకోవడం అన్నివిధాలా మేలు.

ఎడారిలో పత్రి

చవితికి ఇరవై ఒక్క పత్రాలు ఎక్కడ తెచ్చేదని దిగులుపడే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. తులసి మన కుండీల్లో ఉంటుంది. దానిమ్మ, మామిడాకులు దొరుకుతాయి. గన్నేరు చాలా చోట్ల పెంచుతారు. జిల్లేడు ఎడారిలో దానంతటదే మొలుస్తుంది. అన్నిటికంటే ముచ్చటైనది సిద్రా చెట్టు. ఖతార్ ఫౌండేషన్ చిహ్నంలో ఉన్న ఆ చెట్టు మన రేగుకు దగ్గరి చుట్టం. పత్రిలో చెప్పే బదరీ పత్రం రేగాకే కదా! పొరుగున యు.ఎ.ఇ. జాతీయ వృక్షమైన ఘాఫ్ మరేదో కాదు, మన జమ్మి. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. పరాయి దేశమనుకున్నాం గానీ, చెట్లు మనకంటే ముందే చుట్టరికం కలుపుకున్నాయి. పార్కుల్లో, రోడ్ల పక్కన మాత్రం ఆకులు తుంచకండి. దొరికినవి పెట్టి, దొరకని వాటికి అక్షతలు వేస్తే సరిపోతుందని పెద్దలే చెప్పారు. గరిక ఒక్కటి ఉంటే గణపతికి అన్నీ ఉన్నట్టే.

కుళ్ళిన కొబ్బరికాయ

ఇప్పుడు మళ్ళీ ఆ శనివారానికి వద్దాం. కుళ్ళిన చెక్కలు చేతిలో పట్టుకుని తమ్ముడు నా మొహం చూస్తున్నాడు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా మావయ్య కొట్టు తెరిచిన రోజు కాయ ఇలాగే కుళ్ళింది. అందరూ మొహాలు చూసుకుంటుంటే అమ్మమ్మ, "దిష్టి అంతా దాంతో పోయింది. చెయ్యి కడుక్కుని ఇంకోటి కొట్టు," అంది. ఆ కొట్టు ముప్ఫై ఏళ్ళు నడిచింది. మధ్యలో రెండుసార్లు మునిగింది కూడా. మావయ్య మళ్ళీ లేపాడు.

నేను తమ్ముడికి అదే చెప్పాను. "నాయనా, కాయ నువ్వు పండించింది కాదు. ఓడలో వచ్చి, కొట్లో ఎన్నాళ్ళుందో ఏమో. నువ్వు తెచ్చింది భక్తితో తెచ్చావు, అది కుళ్ళలేదు. చేతులు కడుక్కో." మావారు కిందికి వెళ్ళి, వీధి చివర మలయాళీ కొట్లో ఇంకో కాయ, ఈసారి చెవి దగ్గర పెట్టి నీళ్ళ చప్పుడు విని మరీ తెచ్చారు. అది తెల్లగా పగిలింది. తమ్ముడి భుజాలు అప్పుడు దిగాయి.

అమ్మాయి ప్రశ్న మిగిలింది కదా. మొక్కకపోతే పని పాడవుతుందా? పాడవదు. మొక్కినంతమాత్రాన బాగుపడుతుందా? అదీ లేదు. మొక్కినవాళ్ళందరి కొట్లూ నడిస్తే ఊళ్ళో మూతబడ్డ కొట్టే ఉండదు. దేవుడికి కొబ్బరికాయ ఇచ్చి ఉద్యోగం పుచ్చుకునే బేరం కాదిది. మరి దేనికంటే, నాకు అర్థమైనది ఇది. సంకల్పం చెప్పేటప్పుడు నేనెవరిని, ఎక్కడున్నాను, ఏం చేయబోతున్నాను అని నోటితో చెప్పుకోవాలి. అలా స్పష్టంగా చెప్పలేని పని ఇంకా మొదలుపెట్టే సమయం రాలేదేమో ఆలోచించుకోవచ్చు. రెండోది, నా చేతిలో ఉన్నదంతా చేస్తాను, చేతిలో లేనిది కూడా ఉంటుంది అని ఒప్పుకోవడం. మూడోది, ఒంటరిగా మొదలుపెట్టకపోవడం. ఆ కుర్రాడు ఆ సాయంత్రం వెతుక్కుంటూ వచ్చింది గుడి కోసమే, కానీ దాంతోపాటు అతనికి తోడుగా నిలబడే నలుగురు మనుషులు కూడా కావలసి వచ్చారు. అమ్మా నాన్నా దగ్గర లేనిచోట "శుభం, వెళ్ళిరా" అనే ఒక గొంతు కావలసి వచ్చింది.

అతని కథ సినిమాలా ముగియలేదు. కాగితాల మార్పిడికి అనుకున్నదానికంటే చాలా కాలం పట్టింది. పాత జీతం బాకీలో కొంతే చేతికొచ్చింది. కానీ కొత్త చోట నెలనెలా జీతం వస్తోంది, చెల్లెలి పెళ్ళి నిరుడు మాఘమాసంలో అయింది. మొన్నామధ్య మళ్ళీ బెల్లు మోగింది. తలుపు తీస్తే తమ్ముడు, వెనక ఇంకో కుర్రాడు, వాడి చేతిలో సంచి.

"అక్కా, ఈడు మా ఊరోడు. రేపు డ్యూటీల చేరుతుండు," అన్నాడు. నేను పసుపు డబ్బా తీస్తుంటే వెనకనుంచి మెల్లిగా అన్నాడు. "రెండు కాయలు తెచ్చినం అక్కా. ఒకటి ఖరాబైతే ఇంకోటి ఉంటది."

ఆ మాట వింటే మా అమ్మమ్మ మెచ్చుకునేది. మీరు మొదలుపెట్టబోయే పనులన్నీ నిర్విఘ్నంగా సాగాలని కోరుకుంటూ, శుభం.